బిరుదు వేరు, వారసత్వం వేరు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటారు. మనవరాలికి పదేళ్లు. మొన్న వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే అక్కడి రాజకుటుంబం సంగతి వచ్చింది. రాజు చార్లెస్ తర్వాత రాజ్యం ఆయన భార్య కమిల్లాకు వస్తుందని నేనన్నాను. పెద్దకొడుకు విలియమ్‌కే వస్తుందని మావారు. పైగా రాజుకు ఇష్టం లేకపోతే విలియమ్‌ను పక్కన పెట్టి చిన్నకొడుకు హ్యారీకి ఇవ్వొచ్చని కూడా ఆయన వాదన. విలియమ్ కూతురు షార్లెట్ తన తమ్ముడి కంటే ముందు ఉందని, రాజుగారి సొంత చెల్లెలు ఆన్ మాత్రం తమ్ముళ్ల వెనకాల ఎక్కడో పద్దెనిమిదో స్థానంలో ఉందని మనవరాలు చెప్పింది. ఇదేం లెక్క? రాజుగారి తమ్ముడు ఆండ్రూకు బిరుదులన్నీ తీసేశారు కదా, ఇంకా వరుసలో ఎలా ఉన్నాడు? చివర్లో పాప "మనలాంటి హిందువుల అమ్మాయి ఆ ఇంటి కోడలైతే క్వీన్ అవుతుందా అమ్మమ్మా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. పిల్లకు తప్పు చెప్పడం ఇష్టం లేదు. కాస్త వివరంగా రాయండి.
- ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం:

అమ్మా, మీరు చాలా ప్రశ్నలు అడిగారు గానీ చిక్కుముడి ఒక్కచోటే ఉంది. బిరుదునీ వారసత్వాన్నీ కలిపి చూడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. మీరే కాదు, మన టీవీ చానళ్లూ యూట్యూబ్ వీడియోలూ కూడా రోజూ ఈ రెండింటినీ కలిపేస్తుంటాయి. ప్రిన్స్, డ్యూక్, హిజ్ రాయల్ హైనెస్ వంటి హోదాలు రాజు చేతిలోంచి వస్తాయి. సింహాసనం మీద ఎవరు కూర్చోవాలన్నది పార్లమెంటు చేసిన చట్టం చెబుతుంది. అక్కడ రాజు ఇష్టాయిష్టాలతో పని లేదు. ఈ రెండూ విడదీసి పెట్టుకుంటే మిగతాది మీరే పాపకు చెప్పగలరు.

ముందు కమిల్లా గారి సంగతి. ఆమె రాణే, అందులో సందేహం లేదు. 2023 మే 6న వెస్ట్‌మినిస్టర్ అబేలో చార్లెస్‌తో పాటు ఆమెకూ కిరీటం పెట్టారు. అయితే ఆమె రాజుగారి భార్య కాబట్టి రాణి. రెండో ఎలిజబెత్ అలా కాదు, రాజు కూతురిగా తన సొంత హక్కుతో సింహాసనం ఎక్కింది. భార్యగా రాణి అయినవారికి గౌరవం ఉంటుంది, కిరీటం ఉంటుంది, రాజ్యాధికారం ఉండదు. భర్త పోతే సింహాసనం వారి దగ్గర ఒక్క క్షణం కూడా ఆగదు. ఆరో జార్జ్ 1952 ఫిబ్రవరి 6న పోయినప్పుడు ఆయన భార్య బతికే ఉంది. ఆ తర్వాత కూడా యాభై ఏళ్లు బతికి 2002లో, 101 ఏళ్ల వయసులో పోయింది. ఆ యాభై ఏళ్లూ ఆమెను క్వీన్ మదర్ అన్నారు, దేశానికి రాణి మాత్రం కూతురు ఎలిజబెత్. రేపు కమిల్లా విషయంలోనూ అంతే. ఆమె మొదటి పెళ్లి పిల్లలకు కూడా వరుసలో చోటు లేదు.

భార్య భర్త హోదా పొందినట్టు భర్త భార్య హోదా పొందడు. అందుకే ఎలిజబెత్ రాణి అయినా ఫిలిప్ రాజు కాలేదు. పెళ్లప్పుడు, అంటే 1947లో, మామగారు ఆరో జార్జ్ ఆయనను డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా చేశాడు. యునైటెడ్ కింగ్‌డమ్ ప్రిన్స్ అనే హోదా ఇవ్వడానికి ఎలిజబెత్ 1957 దాకా ఆగింది. విక్టోరియా భర్త ఆల్బర్ట్ పరిస్థితి ఇంకా విచిత్రం. 1840లో పెళ్లయితే ప్రిన్స్ కన్సార్ట్ అన్న బిరుదు 1857లో గానీ రాలేదు. 1983 నవంబరులో ఎలిజబెత్ దంపతులు హైదరాబాద్ వచ్చి బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చికి వెళ్లినప్పుడు మన పత్రికలు రాణి, రాణి భర్త అనే రాశాయంటే కారణం ఇదే. రాజు, రాణి అని జంటగా రాయడానికి అక్కడ రాజు లేడు.

ఇంకో సంగతి. యువరాజు భార్య ఎప్పటికైనా రాణి అయి తీరుతుందని కూడా లేదు. రెండో జార్జ్ కొడుకు ఫ్రెడరిక్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌గా ఉంటూనే 1751లో తండ్రి కంటే ముందు పోయాడు. వారసత్వం ఆయన భార్య అగస్టాకు గానీ, ఫ్రెడరిక్ తమ్ముడికి గానీ రాలేదు. నేరుగా ఫ్రెడరిక్ కొడుక్కి దిగింది. ఆ కుర్రాడే 1760లో తాత తర్వాత మూడో జార్జ్ అయ్యాడు. అగస్టా రాజు తల్లి అయింది గానీ ఒక్కరోజు కూడా రాణి కాలేదు. ఈ ఫ్రెడరిక్ కథ పాపకు తప్పకుండా చెప్పండి, కింద వరుస లెక్కపెట్టేటప్పుడు పనికొస్తుంది.

ఇక మీవారి వాదన. విలియమ్‌కు వస్తుందనడం సరైనదే. రాజు తలచుకుంటే హ్యారీకి ఇవ్వొచ్చు అనడం మాత్రం సరికాదు. దశరథుడు కైకకు వరమిచ్చి పెద్దకొడుకును అడవికి పంపినట్టు చార్లెస్ ఎవరికీ వరమివ్వలేడు. ఆ సింహాసనం ఆయన సొంత ఆస్తి కాదు. వీలునామా రాసి మార్చడానికి వీల్లేదు.

మీవారికి ఆ ఆలోచన రావడంలో తప్పు లేదు. మన దగ్గర సంస్థానాల్లో అలా జరిగింది. హైదరాబాద్ చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్దకొడుకు ఆజం జాను పక్కన పెట్టి మనవడు ముకర్రం జాను వారసుడిగా ప్రకటించాడు. 1967లో నిజాం పోయాక ఆ హోదా మనవడికే వచ్చింది. మన సంస్థానాధీశులకు, జమీందారులకు దత్తత తీసుకోవడం కూడా మామూలే. బ్రిటిష్ సింహాసనానికి దత్తపుత్రులు పనికిరారు. పెళ్లి కాని తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలకూ హక్కు లేదు, ఆ తర్వాత తల్లిదండ్రులు పెళ్లి చేసుకున్నా సరే.

రాజు చేతిలోంచి ఈ అధికారం ఎలా పోయిందో తెలిస్తేనే ఈ నిబంధనల వెనకున్న పట్టుదల అర్థమవుతుంది. అప్పటి రాజు రెండో జేమ్స్ క్యాథలిక్ శాఖ క్రైస్తవుడు. దేశంలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. గొడవ ముదిరి 1688లో ఆయన ఫ్రాన్స్ పారిపోయాడు. పార్లమెంటు ఆయన కొడుకును కాదని, కూతురు మేరీనీ ఆమె భర్త విలియమ్‌నీ 1689లో జంటగా సింహాసనం మీద కూర్చోబెట్టింది. వాళ్లకు పిల్లలు లేరు. మేరీ చెల్లెలు ఆన్‌కు బతికున్న ఒక్కగానొక్క కొడుకూ 1700లో పోయాడు. మళ్లీ క్యాథలిక్ రాజు వస్తాడేమో అన్న భయంతో 1701లో యాక్ట్ ఆఫ్ సెటిల్‌మెంట్ చేశారు. జర్మనీలోని హానోవర్‌లో ఉన్న సోఫియా అనే రాకుమారి, ఆమె సంతానంలోని ప్రొటెస్టెంట్లు మాత్రమే ఇకమీద అర్హులు అని ఆ చట్టం తేల్చింది. సోఫియా మొదటి జేమ్స్ రాజుకు కూతురి కూతురు. రక్తసంబంధం చూస్తే ఆమె కంటే దగ్గరివాళ్లు యాభైమందికి పైగా ఉన్నారు. అందరూ క్యాథలిక్కులే కాబట్టి అందరినీ దాటేశారు. 1714లో ఆన్ రాణి చనిపోవడానికి రెండు నెలల లోపే సోఫియా పోవడంతో ఆమె కొడుకు మొదటి జార్జ్ లండన్ వచ్చి రాజయ్యాడు. ఈరోజు చార్లెస్ సింహాసనం మీద ఉన్నాడంటే సోఫియా వంశంలో పుట్టాడు కాబట్టి.

నన్ను అడిగితే ఆ దేశ చరిత్రలో పట్టాభిషేకాలన్నిటికంటే ఈ చట్టమే పెద్ద విషయం. రాజును దేవుడు పంపాడు అన్న మాట పక్కకు పోయి, రాజును చట్టం నిలబెట్టింది అన్న మాట స్థిరపడింది. గుర్రపు బగ్గీలు, నగలు చూపించే వీడియోల్లో దీని ఊసే ఉండదు. పిల్లలకు ముందు ఇది తెలియాలి.

రాజు స్వయంగా దిగిపోవాలన్నా చట్టం కావాలి. ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో, రెండుసార్లు విడాకులు తీసుకున్న వాలిస్ సింప్సన్‌ను పెళ్లాడటానికి సింహాసనం వదులుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన అది పూర్తి కాలేదు. డిసెంబరు 11న పార్లమెంటు చట్టం చేసింది. ఆయనతో పాటు ఆయనకు పుట్టబోయే సంతానాన్ని కూడా వరుసలోంచి తీసేస్తున్నట్టు అందులో రాశారు. ఆయన అప్పటికే కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలకూ రాజు కాబట్టి వాటి అంగీకారం కూడా కావలసి వచ్చింది. దక్షిణాఫ్రికా లెక్కలో ఆయన డిసెంబరు 10న దిగిపోయాడు, బ్రిటన్‌లో 11న, ఐరిష్ ఫ్రీ స్టేట్‌లో 12న. ఒక్క మనిషి మూడు దేశాల్లో మూడు తేదీల్లో రాజు కాకుండా పోయాడు. ఎడ్వర్డ్‌కు పట్టాభిషేకం జరగనే లేదని కూడా గమనించండి. అయినా దాదాపు పదకొండు నెలలు పూర్తి రాజే. ముందటి రాజు ప్రాణం పోయిన క్షణంలోనే తర్వాతివాడు రాజవుతాడు. చార్లెస్ 2022 సెప్టెంబరు 8నే రాజు, కిరీటం పెట్టింది ఎనిమిది నెలల తర్వాత.

ఇప్పుడు వరుస లెక్కపెట్టే పద్ధతి. కాగితం మీద రాజు పేరు రాసి, కింద పిల్లలను పెద్ద నుంచి చిన్న దాకా ఎడమ నుంచి కుడికి రాయమని పాపకు చెప్పండి. పెద్దబిడ్డ కొమ్మలోకి వెళ్లి అందులోని పిల్లలు, వాళ్ల పిల్లలు అందరూ అయిపోయాకే పక్క కొమ్మకు రావాలి. విలియమ్ మొదటి స్థానం. తర్వాత ఆయన పిల్లలు జార్జ్, షార్లెట్, లూయీ. ఆ కొమ్మ అయిపోయింది కాబట్టి ఐదో స్థానం హ్యారీది. ఆ వెంటనే హ్యారీ పిల్లలు ఆర్చీ, లిలిబెట్. రాజుగారి సంతానం ఇక్కడికి పూర్తయింది. అప్పుడు ఆయన తోబుట్టువుల దగ్గరికి వస్తాం. ఎనిమిదో స్థానం ఆండ్రూది, ఆ తర్వాత ఆండ్రూ కూతుళ్లు బియాట్రిస్, యూజెనీ, వాళ్ల పిల్లలు. పదిహేనులో రాజుగారి చిన్నతమ్ముడు ఎడ్వర్డ్, పదహారు పదిహేడుల్లో ఆయన పిల్లలు. వీళ్లందరి తర్వాత పద్దెనిమిదిలో ఆన్.

హ్యారీ పుట్టినప్పుడు మూడో స్థానంలో ఉన్నాడు. అన్నకు పిల్లలు పుట్టేకొద్దీ వెనక్కి జరిగి, నానమ్మ పోయాక ఐదో స్థానంలో నిలిచాడు. అమెరికాలో ఉన్నా అది మారదు. ఎక్కడ కాపురం ఉంటున్నారన్నది ఈ చట్టానికి పట్టదు. అందుకే ఫలానా వాళ్లను వెనక్కి నెట్టేశారు అని రాసే వార్తలను నమ్మకండి. ఎవరూ నెట్టలేదు, ముందు కొమ్మలో పిల్లలు పుట్టారు, అంతే.

అయితే ఆన్ విషయంలో మాత్రం మీ మనవరాలు పట్టుకున్నది నిజమైన అన్యాయమే. ఆమె 1950లో పుట్టింది. అప్పటికి తాత ఆరో జార్జ్ రాజు. తల్లి ఎలిజబెత్, అన్న చార్లెస్, ఆ తర్వాత ఆన్ మూడో స్థానం. 1952లో తల్లి రాణి అయ్యాక రెండో స్థానానికి వచ్చింది. 1960లో ఆండ్రూ పుట్టాడు, తొమ్మిదేళ్ల అక్కను దాటి ముందుకు వెళ్లాడు. 1964లో ఎడ్వర్డ్ పుట్టాడు, అతనూ దాటాడు. ఆడపిల్ల ఎంత పెద్దదైనా మగపిల్లవాడు పుడితే వెనక్కి పోవాల్సిందే అన్నది అప్పటి నియమం. పాత రాజుల్లో కూతుళ్లకు హక్కు లేదని కాదు. అన్నదమ్ములు ఉంటే వాళ్ల తర్వాత వస్తుంది, లేకపోతే సింహాసనం వాళ్లదే. విక్టోరియా అలాగే వచ్చింది. ఆమె తండ్రి మూడో జార్జ్‌కు నాలుగో కొడుకు, తండ్రి తర్వాతివాడు చిన్నాన్న ఎర్నెస్ట్. 1837లో పెదనాన్న నాలుగో విలియమ్ పోయేసరికి విక్టోరియాకు పద్దెనిమిదేళ్లు. మగవాడైన చిన్నాన్న ఉన్నా ఆమే రాణి అయింది, ఎందుకంటే పెద్దకొమ్మ అయిపోకుండా పక్క కొమ్మకు పోకూడదు. కానీ హానోవర్‌లో ఆడవాళ్లకు రాజ్యం లేదు. అంతదాకా ఒకే రాజు కింద ఉన్న రెండు దేశాలు ఆరోజే విడిపోయాయి, హానోవర్ ఎర్నెస్ట్‌కు వెళ్లింది.

ఈ మగపిల్లల ముందువరుస నియమాన్ని 2011 అక్టోబరు 28న ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్చాలనుకున్నారు. బ్రిటిష్ రాణినే తమ దేశాధినేతగా పెట్టుకున్న దేశాలు అప్పుడు పదహారు. ఆ దేశాల ప్రధానులందరూ ఒప్పుకున్నారు. 2013లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. మిగతా దేశాలు కూడా తమ పని పూర్తి చేసేసరికి 2015 మార్చి 26 వచ్చింది, ఆరోజు నుంచి అమలు. కానీ కొత్త నియమం 2011 అక్టోబరు 28 తర్వాత పుట్టినవాళ్లకే వర్తిస్తుంది. షార్లెట్ 2015 మేలో పుట్టింది. 2018లో తమ్ముడు లూయీ పుట్టినా ఆమె అప్పటి నాలుగో స్థానం కదల్లేదు. ఆన్ మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయింది. ఎడ్వర్డ్ కూతురు లూయిజ్ 2003లో, కొడుకు జేమ్స్ 2007లో పుట్టారు కాబట్టి అక్కడా తమ్ముడే ముందు. ఇక్కడ నా మాట నిక్కచ్చిగానే చెబుతాను. బతికున్న ఆడవాళ్లను వదిలేసి, పుట్టబోయేవాళ్లకు మాత్రమే న్యాయం చేసిన చట్టమిది. వరుస తారుమారు అవుతుందన్న భయం అర్థం చేసుకోగలం, కానీ ఆన్‌ను ఎడ్వర్డ్ కంటే ముందు పెడితే ఎవరి రాజ్యమూ పోయేది కాదు.

బిరుదుల్లో అయితే ఈపాటి మార్పు కూడా రాలేదు. ప్రిన్స్, ప్రిన్సెస్ ఎవరన్నది 1917లో ఐదో జార్జ్ రాజముద్రతో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం నడుస్తోంది. వీటిని లెటర్స్ పేటెంట్ అంటారు. రాజుగారి పిల్లలు, కొడుకుల పిల్లలు, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పెద్దకొడుకుకు పుట్టిన పెద్దకొడుకు, వీళ్లకే ఆ హోదా. కూతురి పిల్లలకు లేదు. అందుకే కొడుకైన ఆండ్రూ కూతుళ్లు ప్రిన్సెస్‌లు, కూతురైన ఆన్ పిల్లలు పీటర్, జారా మామూలు పేర్లతోనే ఉన్నారు. జారాకు వరుసలో స్థానం ఉంది, బిరుదు లేదు. కమిల్లాకు బిరుదు ఉంది, వరుసలో స్థానం లేదు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి పాపకు చూపించండి, మొత్తం విషయం ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఆ 1917 ఉత్తర్వు వల్ల ఎంత ఇరుకు వచ్చిందంటే, ఇప్పటి రాజు చార్లెస్ పుట్టేనాటికి తల్లి రాజుగారి కూతురు మాత్రమే. కూతురి బిడ్డ కాబట్టి ప్రిన్స్ అయ్యేవాడు కాదు. 1948 నవంబరు 14న చార్లెస్ పుట్టడానికి మూడు వారాల ముందు తాత ఆరో జార్జ్ ప్రత్యేకంగా ఇంకో ఉత్తర్వు ఇచ్చి ఆ లోటు తీర్చాడు. అలాగే 2012 డిసెంబరు 31న ఎలిజబెత్ ఇంకో సవరణ చేసింది. విలియమ్‌కు పుట్టే మొదటి సంతానం ఆడపిల్ల అయితే కాబోయే రాణికి ప్రిన్సెస్ హోదా ఉండదు కదా, అందుకని ఆయన పిల్లలందరికీ ఇచ్చింది. హ్యారీ పిల్లలకు అప్పట్లో ఆ హోదా లేకపోవడం వివక్ష అని చాలామంది రాశారు. వాళ్లు అప్పటికి రాణిగారికి ముని మనవలు. 2022లో తాత రాజయ్యాక రాజుగారి కొడుకు పిల్లలు అయ్యారు, 1917 ఉత్తర్వు ప్రకారమే హక్కు వచ్చింది. 2023 మార్చి నుంచి ప్రిన్స్ ఆర్చీ, ప్రిన్సెస్ లిలిబెట్ అని అధికారికంగా రాస్తున్నారు.

డ్యూక్ పదవులు ఇంకో రకం. చాలావరకు కొడుక్కే దిగుతాయి, 2013 చట్టం వాటి జోలికి పోలేదు. హ్యారీకి 2018లో పెళ్లినాడు ఇచ్చిన డ్యూక్ ఆఫ్ ససెక్స్ పదవి ఆర్చీకే వెళ్తుంది, లిలిబెట్‌కు వెళ్లదు. ఎడ్వర్డ్‌కు 2023లో ఇచ్చిన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా మాత్రం ఆయన బతికున్నంత వరకే. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనేది వారసత్వంగా రాదు, రాజు ఇవ్వాలి. చార్లెస్‌కు తొమ్మిదేళ్ల వయసులో 1958లో ఇచ్చారు. విలియమ్‌కు తండ్రి రాజైన మర్నాడే ఇచ్చాడు. డ్యూక్ ఆఫ్ కార్న్‌వాల్ మాత్రం 1337 నాటి శాసనం ప్రకారం రాజు పెద్దకొడుకుకు దానంతటదే వస్తుంది.

హోదాలు ఇచ్చే ఈ అధికారం ఇంగ్లండ్‌లోనే ఆగిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సాయం చేసినందుకు మన నిజాంకు 1918లో హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అన్న హోదా ఇచ్చింది కూడా ఐదో జార్జే. మిగతా సంస్థానాధీశులు ఉత్త హైనెస్‌లు, నిజాం ఒక్కడే ఎగ్జాల్టెడ్.

ఇప్పుడు ఆండ్రూ. 2025 అక్టోబరు 30న బకింగ్‌హామ్ ప్యాలెస్ ఒక ప్రకటన చేసింది. చార్లెస్ తన తమ్ముడి ప్రిన్స్ హోదాను, మిగతా బిరుదులను తీసేసే పని మొదలుపెట్టాడని, ఇకమీద ఆయన ఆండ్రూ మౌంట్‌బాటన్ విండ్సర్ మాత్రమేనని దాని సారాంశం. అంతవరకు రాజు చేతిలో ఉన్న పని. ఆ నిర్ణయంతో ఎనిమిదో స్థానం పోలేదు, ఎందుకంటే అది చట్టం ఇచ్చిన స్థానం. దాన్ని తీయాలంటే 1936లో లాగా పార్లమెంటు చట్టం చేయాలి, చార్లెస్ రాజుగా ఉన్న మిగతా 14 దేశాలతోనూ సంప్రదించాలి. హ్యారీది ఇంతకంటే చిన్న వ్యవహారం. 2020లో రాచపనులు వదిలేసినప్పుడు హిజ్ రాయల్ హైనెస్ అన్నది వాడకూడదని ఒప్పందం చేసుకున్నారు. డ్యూక్ పదవి, ఐదో స్థానం రెండూ అలాగే ఉన్నాయి.

విలియమ్ భార్యను చాలామంది ప్రిన్సెస్ కేట్ అంటారు. పత్రికలూ అలాగే రాస్తాయి కాబట్టి పెద్ద తప్పేమీ కాదు. పద్ధతి మాత్రం ఇది. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలకే ప్రిన్సెస్ పక్కన సొంత పేరు వస్తుంది, ప్రిన్సెస్ ఆన్, ప్రిన్సెస్ షార్లెట్ అన్నట్టు. కోడలికి భర్త బిరుదే పేరు. కాబట్టి ఆమె ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్. డయానా కూడా అంతే, లోకమంతా ప్రిన్సెస్ డయానా అని పిలిచినా అది ఎప్పుడూ అధికారిక పేరు కాదు. 1996లో విడాకులయ్యాక హర్ రాయల్ హైనెస్ తీసేసి, డయానా, ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ అని పేరు ముందు పెట్టి రాశారు.

ఇక మీ మనవరాలి ప్రశ్న, అన్నిటికంటే బాగున్న ప్రశ్న అదే. ఆ ఇంటి కోడలు హిందువైతే రాణి అవుతుందా? అవుతుంది. రాజు భార్య ఏ మతంలో ఉండాలన్న షరతు ఇప్పుడు చట్టంలో లేదు. 1701 చట్టంలో కూడా నిషేధం క్యాథలిక్కులను పెళ్లాడటం మీదే. ఆ నిషేధం వల్ల ఎలిజబెత్ పినతండ్రి కొడుకు ప్రిన్స్ మైకేల్ ఆఫ్ కెంట్ 1978లో క్యాథలిక్‌ను పెళ్లి చేసుకుని వరుసలో చోటు పోగొట్టుకున్నాడు. 2015లో ఆ నిషేధాన్ని ఎత్తేశాక తిరిగి పొందాడు. సింహాసనం ఎక్కేవాళ్లు మాత్రం క్యాథలిక్ కాకూడదు, అక్కడి అధికారిక ప్రొటెస్టెంట్ చర్చి అయిన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌తో కలిసి ఉండాలి, ఆ నియమం ఇప్పటికీ ఉంది. కాబట్టి ఆ హిందూ కోడలి పిల్లల్లో ఎవరైనా రాజో రాణో కావాలంటే ప్రొటెస్టెంట్‌గానే ఉండాలి. పెళ్లికి అనుమతి విషయం కూడా చెప్పండి. వరుసలో మొదటి ఆరుగురిలో ఉన్నవాళ్లు పెళ్లాడాలంటే రాజు ఒప్పుకోవాలి, లేకపోతే వాళ్లతో పాటు ఆ పెళ్లి వల్ల పుట్టే పిల్లలూ వరుసలోంచి పోతారు. ఏడో స్థానం నుంచి ఆ అవసరం లేదు. ప్రస్తుతం ఆ ఆరుగురు విలియమ్, ఆయన ముగ్గురు పిల్లలు, హ్యారీ, ఆర్చీ. పాప చేత పేర్లు రాయించి ఏడో పేరు ఎవరిదో మీకు చెప్పమనండి.